వెలిగించి చూపిస్తేనే సరుకు

సికింద్రాబాదులో వీడియో గేముల దుకాణాలు ఒక్కొక్కటే షట్టర్లు దించేస్తున్న రోజుల్లో, చిలకలగూడలో నా కొట్టు ముందు మాత్రం సాఫ్ట్‌వేరు ఇంజనీర్లు బారులు తీరారు. బోయిన్‌పల్లి మార్కెట్టు దగ్గర టమాటా లారీలు ఎలా నిలబడతాయో అలా నిలబడ్డారు. మెడల్లో కంపెనీ బిళ్లలు, చేతుల్లో నేనమ్మిన డబ్బాలు. లోపల చోటు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. ఇంట్లో కాళ్లు చాపుకుని మీట నొక్కితే ఆట తనంత తానే కంప్యూటర్లోకి దిగిపోయే కాలం వచ్చాక కూడా నా కొట్టుకి అంత గిరాకీ. ఆ వైభవం తగ్గకముందే, ఎవరూ పొమ్మనకముందే, నా అంతట నేనే కొట్టు కట్టేశాను.

ఈ మాటలు కనీసం పది పెళ్లిళ్లలో చెప్పి ఉంటాను. విస్తరి ముందు కూర్చున్నవాడు లేచి పోలేడు కాబట్టి, ఇలాంటివి చెప్పుకోవడానికి భోజనాల పంక్తిని మించిన చోటు లేదు. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి కాస్త తడబడుతోంది. బారులంటే ఆరుగురు. మెట్ల మీద కూర్చున్నది ఒక్కడే, అదీ బూటు తాడు కట్టుకోవడానికి. పైగా వాళ్లెవరూ కొనడానికి రాలేదు. మరెందుకు వచ్చారో అర్థం కావాలంటే ముందు బల్బు అమ్మడం ఎలాగో తెలియాలి.

మాది విజయనగరం దగ్గర. మీసాలు రాని వయసులో సికింద్రాబాదు వచ్చి మా మేనమామ ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో చేరాను. ఆయన నాకు నేర్పిన విద్య ఒక్కటే. కౌంటరు మీద ఒక చెక్క, చెక్కకి బిగించిన హోల్డరు, పక్కన స్విచ్చి. బల్బు అడిగినవాడి చేతిలో ఊరికే అట్టపెట్టె పెట్టకూడదు. బల్బు బయటికి తీసి, హోల్డర్లో పెట్టి, స్విచ్చి వేసి, వాడి మొహం మీద వెలుతురు పడి, వాడు తల ఊపాక, అప్పుడు మళ్లీ పెట్టెలో పెట్టి ఇవ్వాలి. ఇంటికెళ్లాక వెలగలేదని ఎవడైనా తిరిగొస్తే, నీ కళ్ల ముందు వెలిగిందా లేదా అని అడిగితే చాలు, నోరు పెగలదు. ట్యూబులైటయినా, ఇస్త్రీపెట్టయినా, కాలింగు బెల్లయినా అంతే. పని చేయించి చూపించకుండా నేను జన్మలో ఒక్క సరుకు అమ్మలేదు. ఇది పెంచి చెప్పడం కాదు. నా కొంప ముంచింది ఇదే, కాబట్టి పెంచాల్సిన అవసరం కూడా లేదు.

తరవాత సొంత దుకాణం పెట్టాను. సొంతమన్నది లోపలి సామాను వరకే. ఇల్లు కట్టింది మా ఆవిడ. ఒక మిషన్ హైస్కూల్లో లెక్కల టీచరు, ఆవిడ జీతం మీద లోను పుట్టింది గాని నా బల్బుల మీద పుట్టలేదు. వీధివైపు గది నాకిచ్చి, సాయంత్రాలు ట్యూషను పిల్లల్ని డాబా మీద రేకుల షెడ్డులో కూర్చోబెట్టుకునేది. అప్పుడే ఒక మాట అనుకున్నాం. తను రిటైరయ్యేదాకా గది నాది, ఆ తరవాత తనది. ఆ మాట అనుకున్నప్పుడు రిటైర్మెంటు ఎక్కడో చాలా దూరంలో ఉంది. దూరంలో ఉన్న వాటికి నేనెప్పుడూ ఉదారంగానే ఒప్పుకుంటాను.

ఇంతలో ఊరికి సాఫ్ట్‌వేరు పట్టుకుంది. మా సందులో ప్రతి మేడ మీదా ఒక గది లేచింది, ప్రతి గదిలో నలుగురేసి ఇంజనీర్లు దిగారు. పొద్దున్నే చౌరస్తాలో కంపెనీ బస్సులు వాళ్లని ఎక్కించుకునేవి, చీకటి పడ్డాక దింపేవి. వాళ్లకి బల్బు ఒక్కటి చాలు, ప్లగ్గులు మాత్రం ఇరవై కావాలి. మొదట ఎక్స్‌టెన్షను బాక్సులు అడిగారు, తరవాత మౌసులు, తరవాత ఆటల సీడీలు. ఒక అరలో పెట్టిన సీడీలు ఏడాది తిరిగేసరికి గోడంతా పాకాయి. ట్యూబులైట్లు మంచం కిందకి పోయాయి. కౌంటరు మీద హోల్డరు పక్కనే ఒక టీవీ, ఒక కంప్యూటరు వచ్చి కూర్చున్నాయి. డిస్కు అడిగినవాడికి డిస్కు ఊరికే ఇస్తానా? పెట్టి, తిప్పి, బొమ్మ వచ్చి, తుపాకివాడు నాలుగడుగులు నడిచాక, డబ్బా మీద "టెస్టెడ్ ఓకే" అన్న చిన్న కాగితం అంటించి ఇచ్చేవాణ్ణి. ఇస్త్రీపెట్టెల మీద అంటించే కాగితాలే అవి, వందల్లో మిగిలిపోయాయి.

ఆట పూర్తయినవాడు డిస్కు తెచ్చి ఇంకోటి మార్చుకునేవాడు. అదే అసలు వ్యాపారం. ఒకడు మార్చిన డిస్కు కోసం ఇంకొకడు కాచుకుని ఉండేవాడు. ఇద్దరికీ కొట్లో స్నేహం కలిసి, ఇద్దరూ నా కుర్చీలు ఆక్రమించి గంటలు గంటలు వాదించుకునేవారు. గీతలు పడ్డ డిస్కుకి టూత్‌పేస్టు రాసి, పాత బనీను గుడ్డతో తుడిచి, చచ్చినదాన్ని బతికించేవాణ్ణి. ఏ ఆటలో ఏ మలుపులో ఏ రాక్షసుడున్నాడో నన్నడిగే తెలుసుకునేవారు అని కూడా పెళ్లిళ్లలో చెబుతుంటాను. నిజానికి సికింద్రాబాదులో అమ్ముడైన ప్రతి ఆటనీ నేను మొదటి అయిదు నిమిషాలే ఆడాను. పరీక్షకి అంతే చాలు. ఆ తరవాత ఏం జరుగుతుందో ఏ ఒక్కదానిలోనూ నాకు తెలియదు.

బాగా నడిచింది కొన్నేళ్లు. ఆ తరవాత సందులోకి ఇంటర్నెట్టు తీగలొచ్చాయి. ఆ తీగలకి క్లిప్పులు నా దగ్గరే కొన్నారు, సంతోషంగా అమ్మాను. దాంతో ఆటలు డిస్కు ఎక్కడం మానేసి తీగ వెంట నడిచి వెళ్లిపోతున్నాయని కొంతకాలం దాకా తెలియలేదు. స్టేషను వైపున్న గేముల కొట్టు సెల్‌ఫోను కవర్ల కొట్టయింది. పక్క వీధిలోది కర్రీ పాయింటయింది. డిస్కుల అరల్లో గుత్తివంకాయ గిన్నెలు చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. సయించలేదు అంటే, ఆ కూర కొనుక్కొచ్చే తిన్నాను, కానీ బాధగా తిన్నాను. నా కొట్టుకి అప్పటికి వచ్చేవాళ్లు రెండు రకాలు. దారి అడిగేవాళ్లు, చిల్లర అడిగేవాళ్లు.

మా ఆవిడ రిటైర్మెంటు ఏప్రిల్ నెలాఖరుకని తేలింది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ట్యూషను ముగించి కిందకి దిగి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నా ఎదురుగా కూర్చుంది. గది ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగింది. కొట్టు మళ్లీ పుంజుకుంటోందని, రోజూ పది పదిహేనుమంది వస్తున్నారని చెప్పాను. లెక్కల టీచరుకి అంకెలు చెప్పకూడదని అన్నేళ్ల కాపురంలోనూ నేర్చుకోలేకపోయాను.

"సరే, పరీక్ష పెడతాను," అంది. "రిటైరైన రోజు సాయంత్రం బడి నుంచి నేనొచ్చేసరికి ఈ గదిలో అయిదుగురుండాలి. ఉంటే కొట్టు ఉంచుకోండి, నేను మళ్లీ అడగను. లేకపోతే మర్నాటి నుంచి నా పిల్లలు కిందకి దిగుతారు. రేకుల కింద వాళ్లకి లెక్కలు రావడం లేదు, చెమటకాయలొస్తున్నాయి."

అయిదుగురు. ఒకప్పుడు ఆ గదిలో అయిదుగురు లేని పావుగంట ఉండేది కాదు. నాకు ఆ గది కావాలి. లాభం కోసం కాదు, అది ఎప్పుడో పోయింది. పొద్దున్నే షట్టరు ఎత్తి కౌంటరు వెనక కూర్చోకపోతే నేనెవరో నాకే తెలియని స్థితి. ఆవిడకి ఆ గది పిల్లల కోసం కావాలి. ఇద్దరిలో ఎవరి మాట న్యాయమో నాకు అప్పుడే తెలుసు. అందుకే మర్నాడే బస్సెక్కి రాణీగంజ్ వెళ్లాను.

అక్కడ మాకు సరుకు పోసే హోల్‌సేలు మనిషి నాకు పాత నేస్తం, సికింద్రాబాదులోనే పుట్టి పెరిగినవాడు. నా గోడు విని డిస్కుల పెట్టెని కాలితో పక్కకి నెట్టాడు.

"డిస్కుల జమానా ఖతమైందన్నా. ఇగ డబ్బాల గీ కాయితమే వస్తది. మీదున్న పూత గీకితే నంబర్ అగుపిస్తది. ఆ నంబర్ కొడితే కంప్యూటర్ల ఆట దిగుతది. గంతే. జెర సోంచాయించి చూడు, చెడిపోయేది లేదు, గీతలు పడేది లేదు."

చెడిపోనిదీ గీతలు పడనిదీ అంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పది డబ్బాలు తీసుకున్నాను, పది రకాల ఆటలు. డబ్బా మీద బొమ్మ అదే, బరువు అదే. లోపల మాత్రం చిన్న అట్టముక్క, దాని మీద బూడిదరంగు పూత.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, ఫ్యాను కింద కూర్చుని, పదింటినీ పరీక్ష చేశాను.

చదివేవాళ్లలో కుర్రవాళ్లుంటే ఇక్కడ తల పట్టుకుని ఉంటారు. పెద్దవాళ్ల కోసం నెమ్మదిగా చెబుతాను. ఒక్కొక్క అట్టముక్కా తీశాను. తాళంచెవితో పూత గీకాను. కళ్లజోడు సవరించుకుని అంకెలూ అక్షరాలూ ఒక్కటొక్కటే కొట్టు కంప్యూటర్లో కొట్టాను. ప్రతిసారీ తెర మీద అభినందనలు అని వచ్చింది. ఆట దిగింది. తెరిచి అయిదు నిమిషాలు ఆడి చూశాను. పదికి పది. బల్బుల్లో కూడా పదికి ఒకటి మాడిపోయి వచ్చేది, ఇందులో అదీ లేదు. ఎంత నాణ్యమైన సరుకు అని మురిసిపోయాను. అట్టముక్కలు మళ్లీ డబ్బాల్లో పెట్టి, మీద ప్లాస్టిక్కు కాగితం చుట్టి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి, పదింటి మీదా "టెస్టెడ్ ఓకే" అంటించాను. సాయంత్రం ట్యూషనుకి పైకి వెళుతూ మా ఆవిడ చూసి, ఏటి అంత శ్రద్ధగా చేస్తున్నారని అడిగింది. నీ పరీక్షకి చదువుకుంటున్నానన్నాను.

మూడు వారాల్లో ఆరు డబ్బాలు అమ్ముడయ్యాయి. దారి అడగడానికి వచ్చినవాడికి కూడా ఒకటి అంటగట్టాను. నేను స్వయంగా పరీక్షించిందని గట్టిగా చెబుతుంటే, వాళ్లు ఆ కాగితం కంపెనీవాళ్లు వేసిన ముద్ర అనుకున్నారు.

మొదట తిరిగొచ్చింది యాప్రాల్ నుంచి ఒక ఇంజనీరు అమ్మాయి. శనివారం పొద్దున్నే స్కూటీ ఆపి, హెల్మెట్టు తియ్యకుండానే లోపలికొచ్చి డబ్బా కౌంటరు మీద పెట్టింది. కోడు ఆల్రెడీ వాడేశారని వస్తోంది అంకుల్ అంది.

"అవునమ్మా," అన్నాను గర్వంగా. "నేనే వాడి చూశాను. బ్రహ్మాండంగా పనిచేసింది."

ఆ అమ్మాయి నెమ్మదిగా హెల్మెట్టు తీసింది. నా మొహం చూసింది, కంప్యూటరు చూసింది, గోడ మీద డిస్కులు చూసింది. పాపం, ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియనట్టుంది.

"అంకుల్, ఆ నంబర్ ఒక్కసారే పనిచేస్తది. ఇడ్లీ మీరు తిని, మంచిగుందని చెప్పి, ప్లేట్ నాకిచ్చిండ్రు."

అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూర్చున్నాను. బల్బు వెలిగించి చూపిస్తే బల్బు అరగదు. డిస్కు తిప్పి చూపిస్తే డిస్కు తరగదు. చూపిస్తే అయిపోయే సరుకు ఒకటి లోకంలోకి వస్తుందని మా మేనమామ ఊహించి ఉండడు. ఆమె ఆట నా కంప్యూటర్లో ఉంది, నా పేరు మీద ఉంది. బయటికి తీసి ఇవ్వడానికి లేదు. టూత్‌పేస్టు రాసినా లాభం లేదు.

రాణీగంజ్ పరుగెత్తాను. నేస్తం అమ్మగా మిగిలిన నాలుగు అట్టముక్కలూ తిరగేసి చూసి, నవ్వలేక దగ్గాడు. గీకినంక వాపస్ ఎవ్వరు తీస్కుంటరన్నా, నన్ను పరేషాన్ చెయ్యకు అని టీ తాగించి పంపాడు.

ఆ వారంలోనే మిగతా అయిదుగురూ ఒకరి తరవాత ఒకరు వచ్చారు. ఒకడు మర్యాదగా, ఒకడు ఇంగ్లీషులో, ఒకడు వాళ్ల మేనేజరుతో మాట్లాడినట్టు చేతులు కట్టుకుని అడిగారు. మొదటి ఇద్దరినీ మళ్లీ రమ్మని పంపేశాను. మూడోవాడు మాట్లాడుతుండగా మాత్రం నా బుర్రలో ఒక దీపం వెలిగింది. ఆ దీపం గురించి ఇప్పటికీ నాకు సిగ్గుతోపాటు కొంచెం మురిపెం కూడా ఉంది. ఆవిడ అడిగింది అయిదుగురు. నా మీద ఫిర్యాదు ఉన్నది ఆరుగురికి.

అందరికీ ఒకే మాట చెప్పాను. ఏప్రిల్ నెలాఖరు రోజు సాయంత్రం సరిగ్గా నాలుగున్నరకి డబ్బా పట్టుకుని రండి, అందరికీ ఒకేసారి పరిష్కారం చేస్తాను.

బళ్లో టీచరు రిటైరైతే తోటి టీచర్లు ఇంటిదాకా దిగబెట్టి వెళ్లడం ఆనవాయితీ. ఆ సాయంత్రం స్కూలు వ్యాను మా వీధిలో ఆగింది. మెడలో దండ, భుజాన శాలువా, చేతిలో పళ్ల బుట్టతో మా ఆవిడ దిగింది. వెనకాల హెడ్‌మిస్ట్రెస్సమ్మా, మరో నలుగురు టీచర్లూ. ఇద్దరు టీచర్లు ఒక పెద్ద ఆకుపచ్చ బోర్డు అటొకరు ఇటొకరు పట్టుకుని దింపారు. ఏం కానుక కావాలని అడిగితే ఈవిడే బోర్డు కావాలందట. దాన్ని తగిలించే గోడ ఏదో అందరికంటే నాకే బాగా తెలుసు.

లోపల ఆరుగురూ ఉన్నారు, బూటు తాడువాడితో సహా. నేను డబ్బాలు అటూ ఇటూ అందిస్తూ, అటువైపు చూడండి సార్, ఇటు రండి మేడమ్ అంటూ, పండగ రోజు చీరల కొట్టువాడిలా తిరుగుతున్నాను. హెడ్‌మిస్ట్రెస్సమ్మ గుమ్మంలోనే నిలబడిపోయి, దేవుడు మీ వారి చేతి పనిని దీవించాడమ్మా అంది. 

మా ఆవిడ ఆరుగురినీ లెక్కపెట్టింది. పెదవులు కదలడం నాకు కనిపించింది. ఆ తరవాత యాప్రాల్ అమ్మాయి వైపు తిరిగి, ఆఖరి బెంచీ పిల్లని అడిగినట్టు అడిగింది.

"నువ్వేం కొంటున్నావమ్మా?"

"నేను కొని నెల దాటింది ఆంటీ. ఆట అంకుల్ దగ్గరనే ఉండిపోయింది. మా అందరిదీ."

నేను దగ్గాను. సాంకేతిక సమస్య అన్నాను. టీచర్లకి కూల్‌డ్రింకులు తెప్పిస్తానన్నాను. మా ఆవిడ టీచర్లకి మైసూరుపాకు పెట్టి, ఫొటోలు దిగి, వ్యాను దాకా వెళ్లి సాగనంపి, తిరిగొచ్చింది. బోర్డుని నా డిస్కుల అరకి ఆనించింది. ఆరుగురినీ కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పించుకుంది. నేను తాళంచెవితో గీకిన చోట మాత్రం మొహం పక్కకి తిప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో కనబడనివ్వలేదు.

డబ్బు కావాలన్నవాళ్లకి వెంటనే ఇప్పించింది. ఇద్దరు తీసుకుని వెళ్లిపోయారు. నలుగురు మాత్రం తమ ఆట ఆడాలనే ఉందని, ఇక్కడే కూర్చుని ఆడుకుంటామని అన్నారు. అప్పుడు సుద్దముక్క తీసి బోర్డు మీద టైంటేబులు గీసింది. శనివారం వీళ్లు, ఆదివారం వాళ్లు, గంటకో పీరియడు. కింద ఒక వాక్యం రాసింది. నలుగురి ఆటలూ పూర్తయ్యేదాకా కొట్టు, ఆఖరి ఆట పూర్తయిన మర్నాటి నుంచి క్లాసు.

అయిదుగురి లెక్క తీరింది కదా అని నేను నసిగాను. వాళ్లు కొనేవాళ్లు కాదు, కొన్నది ఇమ్మని అడిగేవాళ్లు అంది.

కానీ ఆ వాక్యంలో ఉన్న సందు నేను పసిగట్టాను. ఒక్కరి ఆట పూర్తి కాకపోయినా కొట్టు ఉంటుంది.

ముగ్గురు మే నెల సగానికల్లా ముగించేశారు. మిగిలింది యాప్రాల్ అమ్మాయి. ఆమెది పాడుబడ్డ కోటలో నిధి వెతికే ఆట, చాలా పొడుగు. నేను ఆమె కుర్చీ పక్కనే స్టూలు వేసుకున్నాను. మలుపు వచ్చినప్పుడల్లా ఎడమవైపు వెళ్లమ్మా, నేను ఎన్నిసార్లు ఆడానో అనేవాణ్ణి. ఎడమవైపు వెళ్లి గోతిలో పడేది. పరుగెత్తాల్సిన చోట సమోసా అందించేవాణ్ణి. వాళ్ల ఊరు, వాళ్ల ఆఫీసు, వాళ్ల టీమ్ లీడరు మంచివాడా కాదా, అన్నీ అడిగేవాణ్ణి. ఆమె ఓపికగా జవాబు చెబుతూ ఓపికగా గోతుల్లో పడేది. మా గుమ్మం ముందు నుంచి ట్యూషను పిల్లలు తడిగుడ్డలు నెత్తిన వేసుకుని డాబా ఎక్కిపోతుండేవారు. వేసవి సెలవుల్లో పదో తరగతికి ముందస్తుగా పాఠాలు. నేను తెర వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఒక ఆదివారం ఆమె చివరి గదికి చేరింది. తొమ్మిది తలుపులు. ఒకటి నొక్కితే దానితోపాటు పక్కవీ తారుమారవుతాయి, తెరిచినవి మూసుకుంటాయి, మూసినవి తెరుచుకుంటాయి. అన్నీ ఒకేసారి తెరుచుకోవాలి. ఆమె పెదవి కొరుక్కుంటూ దగ్గరకి వచ్చేస్తోంది. ఎనిమిది తెరిచింది. నేను లేచి, మెట్ల కిందకి వెళ్లి, ఫ్యూజు పీకేశాను.

ఇది ఏ పెళ్లిలోనూ చెప్పలేదు. డాబా మీద ఫ్యాన్లు కూడా ఆ ఫ్యూజు మీదే ఉన్నాయని మరిచిపోయానని చెప్పుకోవచ్చు. కానీ ఆ ఇంటి వైరింగు చేసింది నేనే. మరిచిపోలేదు.

కాసేపటికి పిల్లలు మెట్లు దిగి వచ్చారు. మొహాలు కందిపోయి ఉన్నాయి. ఒక పాప నోట్‌బుక్కుతో విసురుకుంటూ మా గుమ్మం నీడలో కూలబడింది. వెనకాల మా ఆవిడ, జాకెట్టు వీపంతా తడిసి. ఊళ్లో కరెంటు పోయినట్టుందన్నాను. ఎదురింటి టీవీ గట్టిగా మోగుతోంది. ఆవిడ నా మొహం చూడలేదు, నా చొక్కా జేబు చూసింది. తెల్ల పింగాణి ఫ్యూజు సగం బయటికి వచ్చి ఉంది.

 నేను వెళ్లి ఫ్యూజు పెట్టి వచ్చాను. నా జీవితంలో అంత దూరం నడిచిన గుర్తు లేదు, మెట్ల కింద నుంచి గది దాకా పది అడుగులుంటుంది.

వచ్చేసరికి ఆవిడ నా స్టూలు మీద కూర్చుంది. పిల్లలందరూ కొట్లోకి వచ్చేశారు, నేల మీద, కౌంటరు మీద, ఎక్కడ పడితే అక్కడ. యాప్రాల్ అమ్మాయి కంప్యూటరు మళ్లీ పెట్టి తొమ్మిది తలుపుల దాకా తెచ్చింది. మా ఆవిడ ఏది తెరిస్తే ఏది మూసుకుంటుందో ఒక్కసారి చూపించమంది. బోర్డు మీద తొమ్మిది గళ్లు గీసి, తెరిచినదానికి ఒకటి, మూసినదానికి సున్నా వేయించింది. ఏ తలుపునైనా రెండుసార్లు నొక్కితే మొదటికొస్తుంది కదా, మరి ఒక్కోదాన్ని ఎన్నిసార్లు నొక్కితే చాలు, చెప్పండర్రా అని పిల్లల్ని అడిగింది. విసురుకుంటున్న పాపే ముందు చెప్పింది, ఒకసారి లేకపోతే అసలు లేదు అని. పావుగంట పట్టింది. గోడవైపు నిలబడి నేనూ చూశాను. సంవత్సరాల తరబడి ఆవిడ డాబా మీద ఏం చేస్తోందో చూడటం నాకు అదే మొదటిసారి.

ఆ అమ్మాయి బోర్డు చూసి వరసగా నొక్కింది. తొమ్మిదీ తెరుచుకున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరికంటే కాస్త ఆలస్యంగా. ఆట ముగిసి తెర మీద పేర్లు పైకి పోతుంటే, ఒక ఆట చివరి దాకా చూడటం కూడా నాకదే మొదటిసారని తోచింది.

మర్నాడు గది ఆవిడదయింది. ఇప్పుడు ఆ గదిలో నలభైమంది పిల్లలు. కిటికీ దగ్గర నాకొక కుర్చీ ఉంది, సుద్దముక్కలు అందించడానికి. ఆ మార్పు నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను. తెల్లారేసరికి లేచి, డిస్కులన్నీ అట్టపెట్టెల్లో సర్ది, టేకు కౌంటరుని నా చేతుల మీదుగా బయటికి మోసి, గది ఊడ్చి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను. ఇందులో మాత్రం ఒక్క అక్షరం పెంచలేదు.

అని రాసి, ఆ నాలుగు వాక్యాలూ బాగా కుదిరాయనిపించి పైకి చదివాను. మా ఆవిడ అదే గదిలో పరీక్ష కాగితాలు దిద్దుతోంది. ఎర్రసిరా పెన్ను ఆపలేదు.

"మీరేటి మోసింది? ఆ పొద్దున్న నడుం పట్టేసిందని మంచం దిగలేదు కదా. డిస్కులు సర్దింది పిల్లలు. కౌంటరు మోసింది నేనూ, ఆ యాప్రాల్ పిల్లా. తాళంచెవి మీరివ్వలేదు, మీ దిండు కింద నుంచి నేను తీసుకున్నాను."